నారుమొక్కయా, కాపుచెట్టా? : అమెరికా ఫుట్‌బాల్‌లో ఆటగాండ్ర ఎన్నిక

ఉపోద్ఘాతము

మనుష్యులను ఎన్నుకొనవలసి వచ్చిన ప్రతి తావునను రెండు తెగల అభ్యర్థులు మన యెదుట నిలుతురు. ఒకడు ఇదివఱకే పని చేసి చూపినవాడు. రెండవవాడు పని చేయగలడను ఆశను కలిగించువాడు. మొదటివానికి నిన్నటి చరిత్ర కలదు; రెండవవానికి రేపటి దినము కలదు. తోట పెట్టదలచిన రైతు, కాపునకు వచ్చిన చెట్లున్న తోటను అధిక మూల్యమునకు కొనవలెనా, లేక నారుమొక్కలు తెచ్చి నాటి నాలుగేండ్లు నీరు పోయవలెనా యని తర్కించుకొనుట వంటిదే యీ సమస్య.

ఈ సమస్యను ఊహలకు విడిచిపెట్టక, కోట్ల కొలది ధనమును పణముగా నొడ్డి, ఏటేట ఎల్లరును చూచుచుండగా పరీక్షించుకొను రంగమొకటి అమెరికా సంయుక్త రాష్ట్రములలో కలదు. అది వృత్తిగా ఆడబడు ఫుట్‌బాల్ క్రీడ. ఆ ఆటపై మనకు మక్కువ యుండనక్కఱలేదు. కాని అందలి యెన్నిక విధానమును తెలిసికొనుట, పిల్లల శక్తిసామర్థ్యములను అనుదినము అంచనా కట్టవలసిన తల్లిదండ్రులకు ప్రయోజనకరమని తలంచి యీ పాఠమును వ్రాయుచున్నాము.

ఆటయొక్క పరిచయము

మనము ఫుట్‌బాల్ అని పిలుచు ఆటను అమెరికా వారు సాకర్ అందురు. వారి ఫుట్‌బాల్ వేఱు. కోలగా నుండు బంతిని చేతబట్టి పరుగెత్తుచు గాని, తోడి ఆటగానికి విసరుచు గాని ప్రత్యర్థుల గీత దాటింపవలెను. అట్లు దాటించుటను టచ్‌డౌను అందురు. ఒక్కొక్క జట్టున 11 మంది మైదానమున నిలుతురు. నాలుగు ప్రయత్నములలో 10 గజములు ముందునకు సాగవలెను. సాగలేనిచో బంతి ఎదుటివారి వశమగును. బంతిని ఎవరికి విసరవలెనో క్షణములో నిర్ణయించి విసరువానికి క్వార్టర్‌బ్యాక్ అని పేరు. జట్టు జయాపజయములు అధికభాగము అతనిపైననే ఆధారపడును. నేషనల్ ఫుట్‌బాల్ లీగు అను సంస్థలో 2002 నుండి 32 జట్లు కలవు. ప్రతి క్రీడాకాలము చివర జరుగు తుది పోటీని సూపర్ బౌల్ అందురు.

జట్టు యజమానులు ఆటగాండ్రను సంపాదించు ప్రధాన మార్గములు రెండు: ఒకటి డ్రాఫ్టు, రెండవది ఫ్రీ ఏజెంట్లతో ఒప్పందము.

మొదటి మార్గము: డ్రాఫ్టు

కళాశాలలలో ఆడి వచ్చిన యువకులను జట్లు వంతులవారీగా ఎంచుకొను ఏర్పాటునకు డ్రాఫ్టు అని పేరు. ఫిలడెల్ఫియా ఈగిల్స్ జట్టు యజమాని బెర్ట్ బెల్ దీనిని 1935లో ప్రతిపాదించెను. ధనముగల జట్లే మేటి యువకులను యేటేట తీసికొనిపోవుచుండగా బీదజట్లు ఓడిపోవుటయే గాక, ప్రేక్షకులను గూడ కోల్పోవుచుండెను. అందువలన గతకాలమున కడపట నిలిచిన జట్టునకు తొలి వంతును, గెలిచిన జట్టునకు చివరి వంతును ఇయ్యవలెనని నియమము చేసిరి. మొదటి డ్రాఫ్టు 1936లో జరిగెను. అందు మొట్టమొదట ఎన్నుకొనబడిన జే బెర్వాంగర్ అను షికాగో విశ్వవిద్యాలయ విద్యార్థి వృత్తిక్రీడలో అడుగే పెట్టలేదు! ఎన్నికకును ఫలమునకును నడుమ ఎంత దూరము కలదో ఆ తొలి దినముననే తేటపడెను.

1994 నుండి డ్రాఫ్టు ఏడు ఆవృత్తులుగా జరుగుచున్నది. ఉన్నత పాఠశాల విడిచి మూడేండ్లు గడచిన వారికే అర్హత కలదు. ఎన్నికైనవానితో నాలుగేండ్ల ఒప్పందము చేసికొందురు. మొదటి ఆవృత్తి వారి విషయమున అయిదవ యేటికి పొడిగించు హక్కు జట్టునకుండును. ఎన్నికకు ముందు వేగులవారివలె శోధకులు దేశమంతయు తిరిగి, ఆ యువకుల ఆటల చలనచిత్రములను పలుమార్లు పరిశీలింతురు. ఇండియానాపొలిస్ నగరమున జరుగు పరీక్షలలో వారి యెత్తు, బరువు, అఱచేతి కొలత తీయుదురు. 40 గజములు ఎన్ని క్షణములలో పరుగెత్తుదురో నూఱవ వంతు సెకను వఱకు లెక్కింతురు. వైద్యులు కీళ్లను పరీక్షింతురు, శిక్షకులు ప్రశ్నలడుగుదురు.

రెండవ మార్గము: ఫ్రీ ఏజెంటు

ఒప్పందపు గడువు తీఱి, తనకిష్టమైన జట్టుతో బేరమాడుకొను స్వేచ్ఛ గల ఆటగాడే ఫ్రీ ఏజెంటు. ఈ స్వేచ్ఛ ఊరక లభించినది కాదు. 1963 నుండి అమలైన రోజెల్ నియమము ప్రకారము గడువు తీఱిన ఆటగానిని తీసికొన్న జట్టు, పాతజట్టునకు పరిహారము చెల్లింపవలసి యుండెను. అందుచేత సాహసించువారు మిక్కిలి అరుదుగా నుండిరి. జాన్ మెకీ మొదలగు ఆటగాండ్రు న్యాయస్థానముల కెక్కగా, ఆ నియమము వ్యాపార స్వేచ్ఛకు విరుద్ధమని 1976లో తీర్పు వచ్చెను. అయినను పూర్ణస్వేచ్ఛ వెంటనే రాలేదు. 1992లో మఱియొక వ్యాజ్యమున ఆటగాండ్రు గెలిచిన పిమ్మట, 1993లో యజమానులకును ఆటగాండ్ర సంఘమునకును ఒడంబడిక కుదిరెను. నాలుగు క్రీడాకాలములు పూర్తిచేసి, ఒప్పందము ముగిసినవారు ఇప్పుడు స్వతంత్రులు. అయితే జట్టు ఒక ఆటగానిని మాత్రము నిర్ణీతమైన అధిక వేతనముపై ఒక యేడు నిలుపుకొనవచ్చును.

ఆ వ్యాజ్యములలో వాదిగా నిలిచిన రెజీ వైట్ అను ప్రసిద్ధ రక్షణ ఆటగాడు 1993లో తన 31వ యేట గ్రీన్ బే ప్యాకర్స్ జట్టులో చేరెను. నాలుగేండ్లకు 1 కోటి 70 లక్షల డాలర్ల ఒప్పందమది. 1997 జనవరిలో ఆ జట్టు సూపర్ బౌల్ గెలిచినపుడు ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ను అతడు మూడుమార్లు నేలగూల్చెను. కాపుచెట్టును కొనుట కొన్నిచోట్ల ఎంత సార్థకమో దీనివలన తెలియుచున్నది.

రెండింటిని కలుపు సూత్రము: జీతముల పరిమితి

ధనమునకు హద్దు లేనిచో ఈ పాఠమునకు అవసరమే లేదు. అందఱును ఆరితేరినవారినే కొందురు. కాని 1994 నుండి ప్రతి జట్టును జీతములకై యింతకు మించి వ్యయము చేయరాదని పరిమితి విధింపబడెను. ఆ యేడు అది 3 కోట్ల 46 లక్షల డాలర్లు. 2025లో 27 కోట్ల 92 లక్షల డాలర్లు. కుటుంబపు నెలసరి ఆదాయమువలె ఇది గట్టి హద్దు. ఒకనికి హెచ్చుగా నిచ్చినచో వేఱొకనికి తగ్గింపక తప్పదు. కావున “ఇతడు మంచి ఆటగాడా?” యని అడిగిన చాలదు, “ఇతనికి ఇయ్యవలసిన దానికంటె ఇతనివలన వచ్చునది ఎంత హెచ్చు?” అని యడుగవలెను.

ఒక కల్పిత లెక్కతో దీనిని గ్రహింపవచ్చును. ఆరితేరిన ఆటగాడు 12 రూపాయల విలువగల పని చేయును. సంతలో పదిమంది అతనికై పోటీ పడుటచే జీతమును 12 రూపాయలే. మిగులు సున్న. క్రొత్త యువకుని జీతము 2 రూపాయలు. అతడు రాణించినచో 10 రూపాయల పని చేయును. రాణింపనిచో ఏమియు లేదు. రెండింటికిని సమానావకాశమున్నచో సగటున 5 రూపాయల పని. మిగులు 3 రూపాయలు. ఈ లెక్క ప్రకారము యువకుడే మేలు. కాని జట్టునకు ఈ యేడే ఆ స్థానమున పని జరుగవలసి యున్నచో, సగటు లెక్క ఆకలి తీర్చదు. ఒక్క యువకుడు సగటుగా ఆడడు. రాణించును, లేదా రాణింపడు. అందుచే యువకులను నలుగురైదుగురను కలిపి చూచినప్పుడే ఈ లెక్క నిజమునకు దగ్గఱగా నుండును.

2011లో జరిగిన ఒడంబడిక ఈ తూకమును మఱింత మార్చెను. 2010 డ్రాఫ్టులో తొలి ఆటగాడైన శామ్ బ్రాడ్‌ఫర్డునకు ఆఱేండ్లకు 7 కోట్ల 80 లక్షల డాలర్ల ఒప్పందము లభించెను. మఱుసటి యేడు తొలి ఆటగాడైన కామ్ న్యూటనునకు నాలుగేండ్లకు సుమారు 2 కోట్ల 20 లక్షలు మాత్రమే. అప్పటినుండి మంచి నారుమొక్క విలువ మఱింత పెరిగెను.

తూకము వేయు విధము

ఫ్రీ ఏజెంటును పరీక్షించువారు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. మొదటిది వయస్సు: జీతము గతమును చూచి యిత్తుము, పని భవిష్యత్తులో చేయించుకొందుము. రెండవది దేహస్థితి. మూడవది పరిసరము: పాతజట్టులోని తోడివారివలననే అతడు రాణించెనేమో చూడవలెను. నాల్గవది ముఖ్యము: అతనిని దగ్గఱనుండి బాగుగ నెఱిగిన పాతజట్టు ఏల విడిచిపెట్టుచున్నది? అతడు పనికిరాడని కావచ్చును. ధనము చాలక కావచ్చును. అతని స్థానమునకు వేఱొకడు సిద్ధముగా నుండవచ్చును.

వేలములో ఇంకొక అపాయమును కలదు. పదిమంది వేర్వేఱు అంచనాలు వేసి పాడినప్పుడు వస్తువు దక్కునది అందఱికంటె హెచ్చుగా అంచనా వేసినవానికే. కనుక గెలిచినవాడు తఱచు అసలు విలువకంటె అధికము చెల్లించియుండును. చమురు భూముల వేలములను పరిశీలించిన ఇంజనీర్లు 1971లో ఈ సంగతిని వివరించిరి. దానినే విజేతకు తగిలిన శాపమందురు.

యువకుని పరీక్షించునపుడు వేయవలసిన ప్రశ్నలు వేఱు. అతడు ఎట్టి ప్రత్యర్థులపై ఆడెను? ఎన్ని ఏండ్లు ఆడెను? పరీక్షనాటి పరుగునకును మైదానములోని ఆటకును పొంతన కలదా? ఇప్పుడున్న లోపము శిక్షణతో తీఱునదియా, తీఱనిదియా? తీర్చుటకు మనయొద్ద గురువును, ఓపికయు కలవా?

2012 సంవత్సరపు ఉదాహరణము

ఈ ప్రశ్నలన్నియు ఒక్క యేటనే పరీక్షకు వచ్చిన సందర్భము 2012. ఇండియానాపొలిస్ కోల్ట్స్ జట్టునకు పేటన్ మానింగ్ అను మహామేటి క్వార్టర్‌బ్యాక్ యుండెను. 1998 డ్రాఫ్టులో తొలి వంతున వచ్చినవాడతడు. మెడకు శస్త్రచికిత్సలు జరుగుటచే 2011లో ఒక్క ఆటయు ఆడలేదు. అతడు లేని జట్టు 16 ఆటలలో 2 మాత్రమే గెలిచెను. ఆ ఓటమివలననే తొలి వంతు వారికి దక్కెను. స్టాన్‌ఫర్డ్ విద్యార్థి ఆండ్రూ లక్ అందుబాటులో నుండెను. 36వ యేట అడుగిడుచున్న మానింగునకు 2 కోట్ల 80 లక్షల డాలర్లు చెల్లింపవలసిన గడువు సమీపింపగా, జట్టు అతనిని మార్చి నెలలో విడిచిపెట్టి, ఏప్రిల్ నెలలో లక్‌ను ఎన్నుకొనెను. డెన్వర్ జట్టు మానింగుతో అయిదేండ్లకు 9 కోట్ల 60 లక్షల డాలర్ల ఒప్పందము చేసికొనెను.

ఎవరి తీర్పు సరియైనది? మానింగ్ 2013లో 55 టచ్‌డౌన్లు విసరి లీగులో క్రొత్త రికార్డు నెలకొల్పెను. నాలుగేండ్లలో జట్టును రెండుమార్లు సూపర్ బౌల్‌నకు చేర్చెను. 2016 ఫిబ్రవరిలో గెలిచి విరమించెను. లక్ తన జట్టును నాలుగుమార్లు అర్హత పోటీలను దాటించెను. 2015 జనవరిలో మానింగ్ జట్టునే ఓడించెను. కాని గాయములచే బాధపడి 2019 ఆగస్టులో 29వ యేట ఆట చాలించెను. దెబ్బతిన్న ముదుసలి నాలుగేండ్లు నిలిచెను; బలిష్ఠుడైన యువకుడు ఏడేండ్లకే అలసెను. నాడు తెలిసినంతమేరకు ఇరుజట్ల నిర్ణయములును అవివేకములు కావు.

అదే డ్రాఫ్టున రెండవ వంతుకై వాషింగ్టన్ జట్టు మూడేండ్ల మొదటి ఆవృత్తి హక్కులను, ఒక రెండవ ఆవృత్తి హక్కును ధారపోసి రాబర్ట్ గ్రిఫిన్‌ను ఎన్నుకొనెను. తొలియేట అతడు అద్భుతముగా నాడెను. 2013 జనవరిలో మోకాలు దెబ్బతినెను; తరువాత ఆ తేజము మరల రాలేదు; 2016లో జట్టు విడిచిపెట్టెను. తప్పు యువకునిది కాదు. మూడు పంటల విత్తనమును ఒక్క గుంటలో పోసిన పద్ధతిదే ప్రమాదము.

సియాటిల్ జట్టు కథ మఱింత బోధకము. వారు మార్చి నెలలో మాట్ ఫ్లిన్ అను ఫ్రీ ఏజెంటును తీసికొనిరి. 2012 జనవరి 1వ తేదీన అతడు ఒక్క ఆటలో 480 గజములు, 6 టచ్‌డౌన్లు విసరియుండెను. కాని వృత్తిక్రీడలో అతడు ఆరంభమునుండి ఆడినవి రెండే రెండు ఆటలు. ఏప్రిల్‌లో అదే జట్టు రసెల్ విల్సన్ అను యువకుని మూడవ ఆవృత్తిలో, 75వ వంతున ఎన్నుకొనెను. ఎత్తు 5 అడుగుల 11 అంగుళములకు తక్కువగుటయే అతనిపై ఆక్షేపణ. అయితే కళాశాలలలో నాలుగేండ్లు నిలకడగా ఆడిన చరిత్ర అతనికి కలదు. శిక్షకులు పేర్లను, జీతములను ప్రక్కనబెట్టి పోటీ నడపగా విల్సనుకే స్థానము దక్కెను. పేరునకు ఫ్లిన్ ఆరితేరినవాడు, విల్సన్ క్రొత్తవాడు. సాక్ష్యమును తూచినచో విల్సనుదే బరువు.

విల్సను జీతము నాలుగేండ్లకు సుమారు 30 లక్షల డాలర్లు మాత్రమే. అట్లు మిగిలిన సొమ్ము ఏమయ్యెను? 2013 మార్చిలో ఆ జట్టు మైకేల్ బెన్నెట్, క్లిఫ్ ఎవ్రిల్ అను ఇరువురు రక్షణ ఆటగాండ్రను ఫ్రీ ఏజెంట్లుగా తెచ్చుకొనెను. 2014 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌నందు వారికి ఎదురుపడినది మానింగ్ జట్టే. ఎవ్రిల్ మానింగ్ చేతిని తాకగా ఎగిరిన బంతిని ఏడవ ఆవృత్తిలో వచ్చిన మాల్కమ్ స్మిత్ పట్టుకొని పరుగెత్తి గీత దాటించెను. సియాటిల్ 43–8 తేడాతో గెలిచెను. అనగా చౌకగా దొరకిన నారుమొక్క కాపుచెట్లను కొనుటకు సొమ్ము నిచ్చెను. రెండు మార్గములును పరస్పర విరోధులు కావు. తెలిసినవాడు ఒకదానితో రెండవదానిని పోషించుకొనును. కాని ఆ చౌకదనము శాశ్వతము కాదు. 2015లో విల్సనుకు క్రొత్త ఒప్పందము నాలుగేండ్లకు 8 కోట్ల 76 లక్షల డాలర్లు.

పరిశోధకుల మాట

కేడ్ మాసే, రిచర్డ్ థేలర్ అను పండితులు అనేక సంవత్సరముల డ్రాఫ్టులను పరిశీలించి 2013లో ప్రకటించిన పరిశోధనలో ఒక విశేషమును తెలిపిరి. ఒకే స్థానమునకు వరుసగా ఎన్నికైన ఇద్దఱిలో మొదటివాడు రెండవవానికంటె ఎక్కువ ఆటలలో నిలుచుటకు అవకాశము నూటికి 52 మాత్రమే. నాణెము నెగురవేసినచో నూటికి 50! ఇంతటి శోధన చేసియు వారికి లభించిన ఆధిక్యము రెండు పాళ్లు. ఐనను జట్లు ముందు వంతుకై మితిమీఱిన మూల్యము చెల్లించుచున్నవని వారు నిరూపించిరి. పాత జీతముల పద్ధతిలో మొదటి ఆటగానికంటె, కొంత వెనుక ఎన్నికైనవారి వలననే మిగులు హెచ్చుగా నుండెననియు తేల్చిరి. అంచనా వేయుట వ్యర్థమని దీని భావము కాదు. మన అంచనాపై మనకుగల నమ్మకము, అంచనాకుగల శక్తికంటె పెద్దదని భావము.

పువ్వు పుట్టగనే పరిమళించునని మన సామెత. టామ్ బ్రేడీ విషయమున అది పొసగలేదు. 2000 డ్రాఫ్టులో అతడు ఆఱవ ఆవృత్తిలో 199వ వాడు. అతనికి ముందు ఆఱుగురు క్వార్టర్‌బ్యాక్‌లు ఎన్నికైరి. 40 గజములు పరుగెత్తుటకు అతనికి 5.28 సెకనులు పట్టెను. తొలి యేడు ఒక్క ఆటలోనే కనబడెను. అట్టివాడు ఏడు సూపర్ బౌల్‌లు గెలిచెను. ఏడవది, 2020లో ఫ్రీ ఏజెంటుగా టాంపా బే జట్టులో చేరి, 2021 ఫిబ్రవరిలో 43వ యేట గెలిచినది. ఆ గడియారము కాళ్లనే కొలిచెను. ఒత్తిడిలో చెదరని చూపును కొలువలేదు. అయితే ఇందువలన 199వ వారందఱును బ్రేడీలగుదురని భ్రమపడరాదు. ఆ వరుసలో వచ్చినవారిలో పెక్కుమంది కొలది కాలములోనే మఱుగునపడుదురు.

తల్లిదండ్రులు గ్రహింపదగినది

పైదాని సారమును ఇట్లు చెప్పవచ్చును. నేడే తీఱవలసిన అవసరమునకు చేసి చూపినవానిని ఆశ్రయింపవలెను. పునాదికి యువకులను, ఒక్కని గాక పలువురను, ఓపికతో పెంచవలెను. ఇరువురి విషయమునను తెలిసినదేమి, ఆశించుచున్నదేమి యని రెండు గళ్లు గీసి వేఱుగా వ్రాసికొనవలెను.

ఇంటియందు మనము చేయు అంచనాలకును ఈ జాగ్రత్తయే తగును. ఒక్క పరీక్షలో వచ్చిన గొప్ప మార్కులు ఫ్లిన్ ఆడిన ఒక్క ఆట వంటివి కావచ్చును. ఏండ్ల తరబడి నిలకడగా సాగిన సాధారణపు చదువు విల్సను నాలుగేండ్ల చరిత్ర వంటిది కావచ్చును. కుటుంబపు సొమ్మంతయు ఒక్క చదువుపై, ఒక్క బిడ్డపై, ఒక్క యేటనే కుమ్మరించుటకు ముందు వాషింగ్టన్ జట్టును తలచుకొనుట మంచిది. జట్టు యజమానికిని తల్లిదండ్రులకును ఒక గొప్ప భేదము కలదు: రాణింపని ఆటగానిని అతడు విడిచిపెట్టగలడు. మనము విడువము, విడువరాదు. కావుననే పిల్లలపై అంకె వేయుటలో మనము అతనికంటె నెమ్మదిగా నుండవలెను.

ఇంట పిల్లలతో చర్చింపదగిన ప్రశ్నలు

1. జీతములకు పరిమితి లేనిచో బీదజట్ల గతి యేమగును? డ్రాఫ్టు ఒక్కటియే వానిని రక్షింపగలదా?

2. 2012 మార్చి నాటికి తెలిసిన సంగతులు మాత్రమే చూచి, మానింగ్, లక్ ఇరువురిలో మీరు ఎవరిని ఎన్నుకొందురు? కారణములు వ్రాయుడు.

3. కళాశాలనుండి వచ్చు యువకునికి తనకు నచ్చిన జట్టును ఎంచుకొను స్వేచ్ఛ లేదు. నాలుగేండ్ల పిదపనే అది లభించును. జట్ల నడుమ సమత్వమునకై యువకుని స్వేచ్ఛను ఇట్లు నిలుపుట న్యాయమా?